ఇంట్లో రికార్డ్ చేసిన పాటను మిక్స్ చేయడం ఎలా: ప్లగిన్ల కంటే ముందు ఫేడర్లు

"గొంతు పాటలో కలవట్లేదు, పైన అతికించినట్టు ఉంది, ఏ ప్లగిన్ వాడాలి?" ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. దాని వెనకే వచ్చేది కూడా తెలుసు: "హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయింది, కారులో పెడితే ఒక్క మాట అర్థం కావట్లేదు." అలా అడిగినవాళ్ల ప్రాజెక్ట్ తెరిచి చూస్తే దాదాపు ప్రతిసారీ ఒకటే కథ. గొంతు మీద ఏడెనిమిది ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఉంటాయి, ఫేడర్లు (ఒక్కో ట్రాక్ వాల్యూమ్ మీటలు) మాత్రం అన్నీ సున్నా దగ్గరే ఉంటాయి, అంటే అసలు చేయాల్సిన పని ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

అందుకే ఒక పాటను ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. పాట మామూలుదే: ఒక మగ గొంతు, రెండు మైకులతో తీసిన తబలా, అకౌస్టిక్ గిటార్, కీబోర్డ్ ప్యాడ్ (వెనకాల మెత్తగా సాగే స్వరాలు), బేస్ గిటార్, ఇంటర్‌లూడ్‌లో వేణువు, పల్లవి దగ్గర కోరస్. ఒకటిన్నర శ్రుతి (సీ షార్ప్), టెంపో 80 (నిమిషానికి 80 బీట్లు). మీ దగ్గర ఉన్నది కరోకే ట్రాక్, దాని మీద గొంతు మాత్రమే అయితే 7వ స్టెప్ చివర విడిగా చెప్పాను, కానీ మిగతావి కూడా చదవండి.

ఏం కావాలి

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫర్వాలేదు. రీపర్‌ని 60 రోజులు ఏ ఆంక్షా లేకుండా వాడి చూడొచ్చు, మ్యాక్ ఉంటే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఫోన్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టండి. ఎఫ్‌ఎల్ స్టూడియో అలవాటైతే అదే వాడండి. "ఏది బెస్ట్" అన్న చర్చలో పెట్టే సమయంలో రెండు పాటలు మిక్స్ అయిపోతాయి.

వైరు ఉన్న హెడ్‌ఫోన్స్ కావాలి. బ్లూటూత్ వద్దు. సౌండ్ ఆలస్యంగా వస్తుంది, దారిలో కుదించబడుతుంది, పైగా చాలా ఇయర్‌బడ్స్ బేస్‌ని తమంతట తాము పెంచేస్తాయి. మీరు బేస్ సరిపోయింది అనుకుంటారు, బయట వింటే ఉండదు.

ఒక మామూలు చిన్న స్పీకర్, లేదంటే ఫోన్ స్పీకరే. దీన్ని చిన్నచూపు చూడకండి. ప్రపంచంలో ఎన్నో స్టూడియోల్లో కనిపించే ఆ తెల్ల కోన్ యమహా ఎన్‌ఎస్-10 స్పీకర్లు 1978లో ఇళ్లలో పాటలు వినడానికని వచ్చినవే. అంత తియ్యగా వినిపించవు, మిక్స్‌లో తప్పు ఉంటే దాచవు, అందుకే ఇంజినీర్లు వాటిని వదల్లేదు.

ఇంకా మీ పాటలాంటి వాద్యాలే ఉన్న, మీకు నచ్చిన, బాగా మిక్స్ అయిన పాట ఒకటి. దీన్ని రిఫరెన్స్ అంటాం. తర్వాత ఒక పుస్తకం, పెన్ను. నవ్వకండి, 9వ స్టెప్‌లో పని ఉంది.

1. మిక్స్ మొదలుపెట్టే ముందు ట్రాక్‌లన్నీ ఒక్కొక్కటీ వినండి

శ్రుతి తప్పిన లైన్, వెనకాల ఫ్యాన్ చప్పుడు, మైక్ మీద ఊది పాడిన "ప", "భ"లు ఉంటే ఇప్పుడే దొరికిపోతాయి. ఒక లైన్ మళ్లీ పాడించడానికి పది నిమిషాలు పడుతుంది. అదే లైన్‌ని మిక్స్‌లో బాగుచేయాలని కూర్చుంటే రెండు గంటలు పోతుంది, అయినా సరిగ్గా రాదు. "మిక్స్‌లో చూసుకుందాంలే" అనే మాట రికార్డింగ్ రోజున ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, మీరే అయినా సరే.

ట్రాక్‌లకు పేర్లు పెట్టండి. ఆడియో 01, ఆడియో 02 అని వదిలేస్తే గంట తర్వాత మీకే తెలియదు. గొంతు లేని చోట్ల ఖాళీ భాగాలు కత్తిరించండి, కత్తిరించిన ప్రతి చోటా 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టండి, లేకపోతే టిక్ మని శబ్దం వస్తుంది. ఊపిరి తీసుకునే శబ్దాలు పూర్తిగా తీసేయకండి. మనిషి ఊపిరి లేకుండా పాడినట్టు ఉంటే చెవికి ఎక్కడో తేడా కొడుతుంది. ఓ 6 డీబీ (డెసిబెల్, శబ్దం లెవెల్‌కి కొలత) తగ్గిస్తే చాలు.

2. లెవెల్స్ దించండి

డిజిటల్‌లో సున్నా డీబీ అంటే పైకప్పు. దాటితే చీలిపోతుంది. ఒక్కో ట్రాక్ విడిగా బాగానే ఉన్నా పది కలిపేసరికి మాస్టర్ (అన్ని ట్రాక్‌లూ కలిసి బయటికి వెళ్లే చివరి ట్రాక్) ఎరుపెక్కుతుంది. అందుకని క్లిప్ గెయిన్‌తో (ఫేడర్ ముట్టుకోకుండా రికార్డ్ చేసిన ముక్క లెవెల్‌నే మార్చేది) ప్రతి ట్రాక్ గరిష్ఠ లెవెల్ మైనస్ 12, మైనస్ 10 డీబీ దగ్గరకు దించండి. అన్నీ కలిసి మోగినప్పుడు మాస్టర్ మీటర్ మైనస్ 6 దాటకూడదు.

ఇక్కడ జరిగే తప్పు: మాస్టర్ ఎర్రగా ఉందని దాని మీద లిమిటర్ (లెవెల్ ఒక హద్దు దాటకుండా నొక్కేసే ప్లగిన్) పెట్టేసి ముందుకు వెళ్లిపోవడం. అప్పటి నుంచి మీరు ఏ ఫేడర్ పెంచినా లిమిటర్ దాన్ని నొక్కేస్తుంది, ఎందుకు తేడా రావట్లేదో అర్థం కాక ప్లగిన్లు వెతుకుతారు. ఇప్పటికి మాస్టర్ మీద ఏమీ ఉండకూడదు. పాట చిన్నగా వినిపిస్తే హెడ్‌ఫోన్ వాల్యూమ్ పెంచుకోండి.

3. ఒక్క ప్లగిన్ కూడా లేకుండా, ఫేడర్లతోనే

అసలు మిక్స్ ఇదే. దీనికి కనీసం అరగంట ఇవ్వండి.

మాస్టర్‌ని మోనోలో పెట్టండి, అంటే ఎడమ, కుడి రెండింట్లో ఒకే శబ్దం వచ్చేలా. వాల్యూమ్ బాగా తగ్గించండి, పక్కన మనిషి మాట్లాడితే ఆ మాట స్పష్టంగా వినపడేంత. పెద్ద సౌండ్‌లో బేస్, పై శబ్దాలు ఎక్కువగా వినిపించి ఏ మిక్స్ అయినా బాగున్నట్టే అనిపిస్తుంది. చెవి తీరే అది, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి గ్రాఫ్ గీసి పెట్టారు. చిన్న సౌండ్‌లో నిలబడిన మిక్స్ పెద్ద సౌండ్‌లో చాలావరకు నిలబడుతుంది.

ఫేడర్లన్నీ కిందకు దించి, ముందు గొంతు పెంచండి. తర్వాత తబలా. గొంతు, తబలా రెండే ఉన్నా పాటలా వినిపించాలి, అది వచ్చేదాకా మూడోది ముట్టుకోవద్దు. తర్వాత బేస్ గిటార్, తర్వాత గిటార్, ఆఖర్న కీబోర్డ్ ప్యాడ్. ప్యాడ్‌ని వినిపించేదాకా పెంచి, కొంచెం దించండి. మ్యూట్ చేస్తే వెలితి తెలియాలి, ఉన్నప్పుడు ప్రత్యేకంగా తెలియకూడదు.

రెండు మైకుల తబలా అయితే ఆ రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు, దానికి ఒక పరీక్ష ఉంది. ఒక మైక్ ట్రాక్ మీద ఫేజ్ తిప్పే బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, తీసి, పోల్చండి. ఎడమ డగ్గా గుమ్మనే శబ్దం ఏ స్థితిలో నిండుగా ఉంటే అదే ఉంచండి. ఇది చూసుకోకుండా డగ్గా పల్చగా ఉందని ఈక్యూతో (కింది, పై శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే ప్లగిన్) బేస్ పెంచుకుంటూ పోయేవాళ్లను చూశాను. నేను కూడా ఒకప్పుడు అదే చేశాను.

గొంతుకు సరైన లెవెల్ ఎలా తెలుస్తుంది? మాటలు అర్థం కాకుండా పోయేదాకా ఫేడర్ దించండి, అక్కడి నుంచి మెల్లగా పెంచుతూ ప్రతి మాటా అందిన చోట ఆపండి. తర్వాత మనకే ప్రత్యేకమైన పని ఒకటుంది. తెలుగు అజంత భాష, మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, పైగా అర్థం చివరి అక్షరంలోనే ఉంటుంది. "వచ్చాను", "వచ్చావు", "వచ్చాడు" మూడింటికీ తేడా ఆ చివరి ముక్కే. పాడేవాళ్లకు ఊపిరి అయిపోయేదీ, గొంతు దిగిపోయేదీ సరిగ్గా అక్కడే. కాబట్టి పాటంతా ఒకే లెవెల్ పెట్టి ఊరుకుంటే "వచ్చా..." వరకే వినపడి మిగతాది తబలా కింద పడిపోతుంది. ప్రతి లైన్ చివర క్లిప్‌ని కత్తిరించి 2, 3 డీబీ పెంచండి, లేదా వాల్యూమ్ ఆటోమేషన్ (పాట నడుస్తుండగా ఫేడర్ తనే కదిలేలా గీసే గీత) గీయండి. మూడు చరణాల పాటకు ఓ ముప్పావు గంట పడుతుంది, విసుగ్గానే ఉంటుంది. కానీ "ఏం వాడావు, గొంతు ఇంత క్లియర్‌గా ఉంది" అని అడిగేది ఇది చేసిన పాటల గురించే.

4. ప్యానింగ్

ప్యానింగ్ అంటే ఏ శబ్దం ఎడమకు, ఏది కుడికి అని పంచడం. మోనో తీసేసి స్టీరియోకి రండి. గొంతు, బేస్ గిటార్, డగ్గా మధ్యలో. కుడి తబలా కొద్దిగా పక్కకు. గిటార్ ఎడమకు 40 శాతం, కీబోర్డ్ కుడికి అంతే. కోరస్ రెండుసార్లు విడివిడిగా పాడించి ఉంటే ఒకటి బాగా ఎడమకు, ఒకటి బాగా కుడికి.

ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు పక్కలా పెడితే వెడల్పు రాదు. అదే శబ్దం మధ్యలోనే ఇంకా గట్టిగా వినిపిస్తుంది, అంతే. రెండోసారి పాడించాల్సిందే, వేరే దారి లేదు.

ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. మా వీధి వినాయకుడి పందిరి కోసం ఒక పాట చేశాను. కీబోర్డ్ హెడ్‌ఫోన్స్‌లో తల చుట్టూ తిరగాలని స్టీరియో వైడెనర్ (శబ్దాన్ని ఎడమ, కుడికి వెడల్పు చేసే ప్లగిన్) వేశాను, అబ్బో అనిపించింది. పందిట్లో రెండు బాక్సులకీ వెళ్లేది మోనో. పాట మొదలైంది, కీబోర్డ్ లేదు. ఎడమ, కుడి ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం మాయమైపోయింది. గొంతు, తబలా మిగిలాయి. "భజనలా బాగుందిరా" అన్నాడు మా బాబాయి. అప్పటి నుంచి ప్యానింగ్ అయ్యాక మళ్లీ మోనో బటన్ నొక్కి ఏదైనా వాద్యం పడిపోయిందా అని చూడకుండా ముందుకు వెళ్లను. మీరూ అలాగే చేయండి, ఎందుకంటే ఫంక్షన్ హాల్ సిస్టమ్‌లు, గుడి మైకులు, చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు మోనోనే.

5. ఈక్యూ: ముందు తీయడం, తర్వాతే కలపడం

గొంతుకు హై పాస్ ఫిల్టర్ (పెట్టిన చోటికి కింద ఉన్న శబ్దాలను తీసేసేది): మగ గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతుకు 100 దగ్గర. గొంతు పల్చబడే దాకా పెంచి, కొంచెం వెనక్కి రండి. గిటార్‌కి 100, ప్యాడ్‌కి 150 నుంచి 200. డగ్గాకీ, బేస్ గిటార్‌కీ పెట్టొద్దు, కిందిభాగం వాళ్లది. ఆ ఇద్దరూ కొట్టుకుంటుంటే ఒకరికి 60 ప్రాంతం, ఇంకొకరికి 100 ప్రాంతం పంచండి, ఒకరికి పెంచిన చోట రెండోవారికి 2, 3 డీబీ తగ్గించండి.

పాట మొత్తం దుప్పటి కప్పినట్టు ఉంటే 200 నుంచి 400 మధ్య ఎక్కువైనట్టు. గొంతు ముక్కుతో పాడినట్టు ఉంటే 800 నుంచి 1000. మాట స్పష్టత 2000 నుంచి 5000 మధ్య ఉంటుంది, అందుకే గొంతులో అది పెంచే ముందు గిటార్‌లో, ప్యాడ్‌లో 3000 దగ్గర 2 డీబీ తగ్గించి చూడండి. చాలాసార్లు గొంతును ముట్టుకునే అవసరమే ఉండదు.

వీడియోల్లో చూపించే పద్ధతి ఒకటుంది: సన్నటి బ్యాండ్‌ని 10 డీబీ పెంచి అటూ ఇటూ జరుపుతూ, చెడ్డగా వినిపించిన చోట కోసేయమంటారు. 10 డీబీ పెంచితే ఏ చోటైనా చెడ్డగానే వినిపిస్తుంది. ముఖ్యంగా కుడి తబలా మీద ఇది చేయకండి. ఒకటిన్నర శ్రుతికి కట్టిన తబలా మోగేది సుమారు 277 హెర్ట్జ్ దగ్గర, అంటే అందరూ "బురద" అని కోసేసే ప్రాంతం నడిమధ్యన. గంటలా మోగుతోంది కదా అని కోశారంటే మీరు కోసింది శ్రుతినే, తబలా కాస్తా అట్టపెట్టె అవుతుంది.

ఈక్యూ సోలోలో (మిగతావి ఆపి ఒక్క ట్రాకే వింటూ) చేయకండి. సోలోలో గొంతు సన్నగా అనిపించినా పాటలో సరిగ్గా కూర్చుంటే అదే సరైనది.

6. కంప్రెసర్

గట్టిగా వచ్చిన చోట్ల శబ్దాన్ని తనే నొక్కే ప్లగిన్ ఇది. 3వ స్టెప్‌లో లైన్ చివర్లు సరిచేసి ఉంటే దీనికి పని తక్కువ. గొంతుకు రేషియో (ఎంత గట్టిగా నొక్కాలి) 3:1, అటాక్ (ఎంత త్వరగా నొక్కాలి) 15 మిల్లీసెకన్లు, రిలీజ్ (ఎంత త్వరగా వదలాలి) 100. గట్టిగా పాడిన చోట సూది 3 నుంచి 5 డీబీ కదిలేలా థ్రెషోల్డ్ (ఏ లెవెల్ దాటితే నొక్కాలో ఆ గీత) దించండి, పాడనప్పుడు అది సున్నాకి తిరిగి రావాలి. ఎప్పుడూ నొక్కే ఉంటే ఎక్కువైనట్టు.

తబలాకి అటాక్ మరీ తక్కువ పెడితే "న", "తా" దెబ్బల్లో పదును పోతుంది, 25 నుంచి 30 మిల్లీసెకన్లు ఉంచండి. లేదా అసలు వేయకండి. బాగా వాయించిన తబలాకి కంప్రెసర్ అవసరం లేదనే నా అభిప్రాయం, గొడవపడేవాళ్లు పడొచ్చు.

పని చేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి? కంప్రెసర్ ఆన్‌లో, ఆఫ్‌లో వాల్యూమ్ ఒకేలా ఉండేటట్టు అవుట్‌పుట్ సరిచేసి అప్పుడు పోల్చండి. లేదంటే గట్టిగా ఉన్నదే బాగుందని చెవి ఒప్పేసుకుంటుంది. ఈక్యూకైనా, ఇంకే ప్లగిన్‌కైనా ఇదే నియమం.

కంప్రెసర్ తర్వాత "స, శ, ష, చ"లు గుచ్చుకుంటే డీ-ఎస్సర్ (ఆ అక్షరాల ఈల శబ్దాన్ని మాత్రమే తగ్గించే ప్లగిన్) 5000 నుంచి 8000 మధ్య పెట్టండి. మరీ ఎక్కువైతే గాయకుడికి నత్తి వచ్చినట్టు ఉంటుంది. నాలుగైదు చోట్లే సమస్య అయితే ఆ అక్షరాలను చేత్తో 4 డీబీ దించడం మేలు.

7. రివర్బ్, డిలే

అతికించినట్టు ఉంది అన్న ఫిర్యాదు, లెవెల్స్ సరిచేశాక కూడా మిగిలితే, దానికి కారణం ఇక్కడుంటుంది. వాద్యాలన్నీ ఒక గదిలో, గొంతు ఒక్కటీ ఇంకో గదిలో ఉంటే కలవవు.

రివర్బ్‌ని (గదిలో పాడినట్టు ప్రతిధ్వని కలిపే ప్లగిన్) గొంతు ట్రాక్ మీద నేరుగా వేయకుండా వేరే ట్రాక్ మీద పెట్టి, గొంతు, వేణువు, కోరస్, కొంచెం తబలా అన్నింటినీ దానికే సెండ్ చేయండి, అంటే ఒక్కోదాని కాపీ కొంత దానికి పంపండి. అందరూ ఒకే గదిలోకి వస్తారు. ప్లేట్ అనే రకం రివర్బ్, ఒకటిన్నర సెకను, ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఖాళీ) 30 మిల్లీసెకన్లు. ప్రీ-డిలే లేకపోతే గొంతు వెనక్కి వెళ్లిపోతుంది. రివర్బ్ ట్రాక్ మీద 250 హెర్ట్జ్ దగ్గర హై పాస్ తప్పనిసరి. పల్లవి సాగదీసి పాడేదైతే సెండ్ కొంచెం పెంచొచ్చు, చరణంలో మాటలు గబగబా వస్తుంటే తగ్గించాలి, లేకపోతే ఒత్తులన్నీ అలుక్కుపోతాయి.

డిలేకి (అదే శబ్దం కాస్త ఆగి మళ్లీ వినిపించడం) లెక్క సులభం: 60,000ని టెంపోతో భాగించండి. 80కి 750 మిల్లీసెకన్లు, అందులో సగం 375. లైన్ చివరి మాటకు మాత్రమే సెండ్ చేస్తే బాగుంటుంది.

తప్పు ఏంటంటే, గుళ్లో పాడినట్టు ఉండాలని రివర్బ్ పెంచేయడం. వినిపించేదాకా పెంచి 2, 3 డీబీ దించి, రివర్బ్ ట్రాక్ మ్యూట్ చేసి చూడండి. పాట ఎండిపోయినట్టు అనిపిస్తే సరిపోయినట్టే.

కరోకే ట్రాక్ అయితే: అది అప్పటికే మాస్టర్ చేసి గట్టిగా ఉంటుంది, గొంతుని దానికి పోటీగా పెంచొద్దు, ట్రాక్‌నే 8 నుంచి 10 డీబీ దించండి. ట్రాక్‌లో 3000 దగ్గర వెడల్పుగా 2 డీబీ తగ్గించండి. తర్వాత ట్రాక్‌లో రివర్బ్ ఎంత సేపు సాగుతోందో తబలా లేదా డ్రమ్ ఆగిన చోట విని, గొంతు రివర్బ్‌ని దానికి దగ్గరగా పెట్టండి. లోపలి వాద్యాలను విడిగా మార్చలేరు కాబట్టి ఇంతకంటే పెద్దగా ఆశించొద్దు.

8. ఇంటర్‌లూడ్

గొంతు ఆగిన వెంటనే వినేవాళ్లకు పట్టుకోవడానికి ఇంకొకటి కావాలి. వేణువు వచ్చేటప్పుడు 2 డీబీ పెంచి, చరణం మొదలవగానే దించండి. చిన్న పనే, మర్చిపోతారు.

9. మిక్స్ నిలబడిందో లేదో చూడటం

ఆ రోజుకి ఆపేయండి. రాత్రి రెండింటికి బ్రహ్మాండంగా ఉన్న మిక్స్ పొద్దున్నే వింటే వేరేగా ఉంటుంది. మర్నాడు ముందు రిఫరెన్స్ పాట వినండి, దాన్ని మీ పాట గట్టిదనానికి సమానంగా దించి, లేకపోతే పోలికే తప్పు. తర్వాత మీది వినండి, అనిపించినవి పుస్తకంలో రాయండి, పాట మధ్యలో ఆపి సరిచేయకండి.

ఫోన్ స్పీకర్‌లో వినండి. బేస్ గిటార్ పూర్తిగా మాయమైతే దానికి బేస్ పెంచి ప్రయోజనం లేదు, ఆ చిన్న స్పీకర్ అంత కింది శబ్దం పలకలేదు. కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని మెల్లగా చీల్చే ప్లగిన్) వేయండి, పై స్వరాలు పుట్టి బేస్ ఉన్నట్టు తెలుస్తుంది. పక్క గదిలోకి వెళ్లి తలుపు తీసి వినండి, ఏదైనా ఒక్క వాద్యమే బయటికి పొడుచుకొస్తుంటే అక్కడ తెలిసిపోతుంది. కారులో వినండి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి.

నా అసలు పరీక్ష వేరే. పాట ఎప్పుడూ వినని మనిషికి ఒక చరణం వినిపించి, వినపడింది వినపడినట్టు ఆ పుస్తకంలో రాయమంటాను. మీకు సాహిత్యం కంఠతా వచ్చు కాబట్టి వినపడకపోయినా మీ మెదడు పూరించేస్తుంది, ఆ పరీక్ష మీరు రాయలేరు. మొన్న ఒక పాటలో "కన్నులలో" అన్నది మా అక్క "కన్నులతో" అని రాసింది. వెళ్లి చూస్తే సరిగ్గా ఆ "లో" మీదే కుడి తబలా దెబ్బ పడుతోంది. ఒక్క అక్షరం 3 డీబీ పెంచాను, ఇంకొకరితో రాయిస్తే సరిగ్గా వచ్చింది.

10. ఎక్స్‌పోర్ట్

ఇప్పుడు మాస్టర్ మీద లిమిటర్ పెట్టొచ్చు. సీలింగ్ మైనస్ 1 డీబీ, గట్టి చోట్ల 2, 3 డీబీకి మించి నొక్కకూడదు. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నవాటిని తానే దించేస్తుంది, కాబట్టి నలిపి నలిపి గట్టిగా చేసి సాధించేదేమీ లేదు. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచితంగా దొరుకుతుంది, పాట మొత్తం ఒకసారి నడిపి చూసుకోండి.

24 బిట్ వేవ్ ఫైల్ తీయండి, వీడియోకి అయితే 48 కిలోహెర్ట్జ్. ఎంపీ3 కావాలంటే దాన్నుంచి 320 కేబీపీఎస్‌లో విడిగా చేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోకి జోడించి మామూలుగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది, అవతలివాళ్లు మిక్స్ బాలేదంటారు.

ఫైల్ పేరులో తేదీ పెట్టండి, "ఫైనల్ కొత్తది 2" అని కాదు. ఇంకొకటి, గొంతు మ్యూట్ చేసి మైనస్ ట్రాక్ కూడా అప్పుడే తీసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత ఎవరో స్టేజి మీద పాడమంటారు, అప్పుడు ప్రాజెక్ట్ తెరిస్తే సగం ప్లగిన్లు కనపడవు.